మామ అనే పేరుకు మూడు అర్థాలు

మా బావమరిది పోయాడని మంగళవారం పొద్దున గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆగిందన్నారు. మా ఆవిడ కూలబడి ఏడ్చింది, సొంత తమ్ముడు కదా. నేను ఆమెకు మంచినీళ్లిచ్చి, చొక్కా వేసుకుంటూ, వాడు రాసిన ప్రోగ్రామును ఇక ఎవరు చూస్తారా అని ఆలోచించాను. మనిషి పోయినప్పుడు ముందుగా రావలసిన ఆలోచన అది కాదని తెలుసు. కానీ వచ్చింది.

మార్కాపురంలో ఒక చిన్న డయాలసిస్ సెంటర్ ఉంది. ఏ రోగి ఏ రోజు, ఏ మిషను మీద పడుకోవాలో చెప్పే జాబితా వాడి ప్రోగ్రాము నుంచే వస్తుంది. త్రిపురాంతకం నుంచి, కొమరోలు నుంచి, చంద్రశేఖరపురం నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లకు ఆ కాగితంలో పేరుంటే ఊపిరి ఉన్నట్టు.

సంతాప సభలో ఒకాయన లేచి, "ఆయన రాసింది ఆయనకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు, అంత మేధావి" అన్నాడు. అందరూ తలలూపారు. ప్రోగ్రాములు రాసి బతికి రిటైరైనవాణ్ణి నేను. ఇంకొకరికి అర్థం కాకుండా రాయడం మేధ కాదు, అహంకారం. సభలో అనలేదు, ఇక్కడ అంటున్నాను.

ప్రోగ్రాములో ఒక్కో లెక్కకు ఒక్కో పేరు పెట్టాలి, వాడికి పేర్లు పెట్టడం రాదు. మన వైపు వయసు మళ్లిన మగవాడెవరైనా మామే కదా. మేనమామ మామ, పిల్లనిచ్చినాయన మామ, బస్సులో పక్కసీటు పెద్దాయనా మామే. బస్సులో ఇబ్బంది లేదు, పిలిచినవాడి ముఖం చూస్తే తెలుస్తుంది. కంప్యూటరుకు ముఖం కనబడదు. వాడి ప్రోగ్రాములో మామ అంటే ఒక చోట రోగి, నాలుగు పేజీల కింద మిషను నంబరు, ఇంకా కిందికి పోతే వరుసలో ఎదురుచూసేవాళ్ల లెక్క. ఒకే పనిని అయిదు చోట్ల అచ్చు గుద్ది పెట్టాడు. ఒక చోట తప్పు దిద్దితే మిగిలిన నాలుగు చోట్ల అది హాయిగా కాపురం చేసేది.

"ఒరే, ఇది చదివేవాడు ఏమైపోవాలరా?" అన్నాను ఒకసారి.

"నడుస్తాంది గదా బావా. నడిచేదాన్ని ఎందుకు కదిలిచ్చేది?"

"నువ్వు లేకపోతే?"

"యాడికి పోతా? ఈడనే ఉంటా."

అదే వాడి సిద్ధాంతం. దాని కాలం మంగళవారంతో ముగిసింది.

ఒకరోజు వాడి పక్కన కూర్చుని ఆ కోడ్ చదువుతున్నాను, మౌస్ కూడా ముట్టుకోలేదు. వాడు ఏదో మార్చాడు. రోగి ఉండాల్సిన చోట మిషను నంబరు వచ్చి కూర్చుంది. కొమరోలు నుంచి వచ్చిన ఒకామె పేరు జాబితాలో లేదు. ఉబ్బిన కాళ్లతో సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, ఆయాసపడుతూ, "నా వంతు ఏమాయె నాయనా?" అని అందరినీ అడిగింది. చివరికి మిషను మీదికి ఎక్కించారు, బతికింది. సెంటర్ చూసుకునే మేడమ్ వచ్చి ఏం జరిగిందని అడిగితే, మా బావమరిది నా వైపు చూడకుండానే, "బావ కూచున్నాడు మేడమ్, ఏదో నొక్కినట్టుండాడు" అన్నాడు. ఆ తరువాత నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. పెళ్లిళ్లలో దీన్ని జోకుగా చెప్పేవాడు. మా ఆవిడ కూడా నవ్వేది.

దినాలు కాకముందే ఆ మేడమే ఫోన్ చేసింది. సోమవారం నుంచి ఎనిమిదో మిషను మొదలవుతుంది. అక్కడ కంప్యూటర్ చూసే అమ్మాయి ప్రోగ్రాములో ఏడు అని ఉన్న ప్రతిచోటా ఎనిమిది చేసిందట. వెళ్లి చూస్తే, జాబితాలో ఆదివారం తరువాత పేరులేని రోజు ఒకటి వచ్చి ఉంది.

"ఏందమ్మా ఇది?"

"మిషన్లు ఏడే గదా పెదనాయనా, అన్నీ మార్చినా. కొన్ని ఏడులు వారానివని నాకేం తెలుసు?" అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఏడు మిషన్లకూ ఏడు రోజులకూ తేడా తెలియనివ్వకుండా ఉత్త అంకెలు చల్లిపోయినవాడిది. సోమవారం నాటికి జాబితా సరిగ్గా రాకపోతే ఎవరో ఒకరు బెంచీ మీదే మిగిలిపోతారు.

నాలుగు రోజులు పగలంతా కూర్చున్నాను. ముందు దాని పాత జాబితాలన్నీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటి మార్చి, మళ్లీ నడిపి, పాతదానితో పోల్చి చూశాను. మామలను ముగ్గురిగా విడదీసి ఎవరి పేరు వాళ్లకిచ్చాను. ప్రతి మార్పుకూ వాణ్ణి ఒక తిట్టు తిట్టాను. బాగుపడుతున్నకొద్దీ తిట్లు ఇంకా రుచిగా వచ్చాయి.

నాలుగో రోజు, ఎక్కడా వాడని కోడ్ ముక్క ఒకటుందని కంప్యూటర్ చూపించింది. తెరిచాను. ముప్ఫై వరుసలుంటాయి. ప్రతి పేరూ తన పనేమిటో తనే చెబుతోంది. మిషన్లెన్నో ఒకే చోట రాసి ఉంది. వంతులు వేసే పని ఒక్కసారే, శుభ్రంగా ఉంది. దాని పేరు "బావ కోసం".

గుర్తొచ్చింది. నేను మరీ పోరు పెట్టిన రోజుల్లో వాడు ఒక పేజీ తెరిచి చూపించాడు. "అంతా ఇట్లనే మార్చినా బావా, సరేనా?" నేను మెచ్చుకున్నాను, జీవితంలో ఒకే ఒకసారి. తరువాత కోడంతా పాత తీరుగానే కనబడితే, ఆ పేజీ ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చి చూపించాడనుకున్నాను. అది వాడే రాసిన ఉత్త నమూనా ముక్క. నా నోరు మూయించడానికి రాసి, దేనికీ కలపకుండా వదిలేశాడు.

ఇన్నేళ్లూ వాడికి చేతకాదనుకున్నాను, ఆ మాట అందరితో అన్నాను కూడా. చేతనయింది. నా దగ్గర నేర్చుకున్నాడు, నాకంటే బాగా రాశాడు. ఆ కొమరోలు ఆమె బెంచీ మీద ఆయాసపడిన రోజున కూడా ఆ ముప్ఫై వరుసలు అక్కడే ఉన్నాయి. రెండు వరుసలు రాసి కలిపితే సరిపోయేది. కలిపితే నేను చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. చేతకానివాణ్ణి క్షమించవచ్చు. వీణ్ణి క్షమించలేను.

ఆ రెండు వరుసలూ నేను రాశాను. మిషన్లు ఎనిమిది చేశాను, ఒక్క చోటే. జాబితా సరిగ్గా వచ్చింది. పాత చెత్తనంతా తీసేశాను. వాడు రాసినదాంట్లో మిగిలింది ఆ ముప్ఫై వరుసలే.

పేరు ఒకటి మిగిలింది. చదివేవాడికి పని తెలియని పేరు ఉండకూడదన్నది నా నియమం. "బావ కోసం" అంటే రేపు వచ్చేవాడికి ఏం తెలుస్తుంది? "వంతుల జాబితా" అని కొట్టాను. పాత పేరు ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపించింది కంప్యూటర్. నేను కలిపిన చోట తప్ప ఎక్కడా లేదు. మార్చమంటావా అని అడిగింది. దాని కింద అవును, వద్దు అని రెండు గళ్లు వెలుగుతున్నాయి. పక్క గదిలో ఎనిమిదో మిషనును గోడ వైపు జరుపుతున్నారు, చక్రాలు కీచుమంటున్నాయి. నా వేలు చాలాసేపు మౌస్ మీదే ఉంది.