ఎవరిదా కాలు?

పోయిన వానాకాలం హన్మకొండలో మా గాజుల దుకాణం మెట్ల మీద జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. నడుముకు మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేశారు.

తర్వాత వార్డులో కళ్లు మూతలు పడుతుండగా దుప్పటి సర్దుకోబోతే, వెచ్చగా, బరువుగా ఎవరిదో తొడ చేతికి తగిలింది. గట్టిగా గిల్లాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“ఓ సిస్టర్! నా మంచం మీద ఎవడో పండుకున్నడు, జర లేపుండ్రి!” అని వార్డంతా వినబడేలా అరిచాను.

మా ఆయన బయట నుంచి ఉరికొచ్చాడు. అక్కడే ఉన్న మత్తు డాక్టరమ్మ దుప్పటి ఎత్తి చూపించింది. “గది నీ కాలే అక్కా. మత్తింక దిగలే, గందుకే పరాయిదనిపిస్తాంది.”

పక్క మంచాల వాళ్లు పకపకా నవ్వారు. నాకు మాత్రం సిగ్గు కన్నా భయం ఎక్కువైంది. “మళ్ల నాదైతదా మేడం?” అని ఏడ్చేశాను.

ఆమె నవ్వలేదు. పక్కనే కూర్చుని, “ఫికర్ జెయ్యకు, అయితది. నొప్పి మొదలుగాంగనే చెప్పు, ఓర్చుకోకు” అంది.

చాలాసేపటికి బొటనవేలు కదిలింది. వెనకే చీలమండ సలపడం మొదలైంది. చెప్పగానే డాక్టరమ్మ సెలైన్‌తో పాటు నొప్పి మందు ఎక్కించింది. నొప్పి ముదరనే లేదు.

ఇప్పటికీ ముసురు పడితే ఆ కాలు గుంజుతుంది. “నొస్తాందా?” అని మా ఆయన అడుగుతాడు. మనసులో ఆ డాక్టరమ్మకు దండం పెట్టుకుని అంటాను: “నొస్తాంది. నాది గాబట్టే నొస్తాంది!”