టీవీల వరినాట్లు

బొంగులూరు కాడ, మా వరిమడి ప్లాట్లయిన జాగల, ఇప్పుడు నూడుల్స్ బండి ఉంది. ఆ వాసనకు నాయినమ్మ యాదికొచ్చింది.

మడి అమ్మిన ఏడు, చైనాల ఒక్కో ఊరి తిండి చూపే ప్రోగ్రాం టీవీల వచ్చేది. కొండ మీది మడులల్ల ఆడోళ్లు నాట్లేసి, గట్టు మీద కూసొని బియ్యపు నూడుల్స్ తినేటోళ్లు. నాయినమ్మ కండ్లనిండ నీళ్లతో చూసేది. ఆమెకు తినబుద్ధయితుందనుకొని, అమ్మతోని ఒక ప్యాకెట్ వండించి గిన్నె చేతికిచ్చిన.

"జర పక్కకు జరుగు బిడ్డా, నాట్లు అయిపోతయ్," అన్నది.

గిన్నె ఒళ్లో పెట్టుకొని, నారు పట్టినట్టు వేళ్లు కూడేసి, టీవీల ఆడోళ్లతోపాటు గాలిల నాటుకుంట పోయింది. నూడుల్స్ సల్లారిపోయినయ్. తినలేదని నేను అలిగిన.

ఇయ్యాల నా ప్లేటు గూడ సల్లారుతున్నది. నాయినమ్మ మోకాల్లోతు బురదల నిలబడ్డ కాడ నేను సిమెంటు మీద నిలబడ్డ.