నాయిన బాప్తిస్మం, నా మసక ఫోటో

తెలంగాణ వచ్చిన కొత్తలో, బీటెక్ పూర్తిచేసి హాలియాలో మా ఇంటి అరుగు మీద కూర్చోవడమే ఉద్యోగంగా ఉన్న రోజుల్లో, నాకు కళ సోకింది. జ్వరం సోకితే దవాఖాన ఉంది. కళ సోకితే ఎక్కడికి తీసుకుపోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి, తినబోయే కూరకు కూడా ఫోటోలు తీస్తున్న కాలమది. సరిగ్గా అప్పుడే నేను హైదరాబాద్ ఆదివారం సంతలో ఒక పాత రీలు కెమెరా కొనుక్కొచ్చాను. (మా బావ, అంటే అక్క మొగుడు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి చార్జర్ యాడ పెడ్తరు బామ్మర్దీ?” అని అడిగాడు. జవాబు చెప్పడం నా స్థాయికి తగదనుకున్నాను.)

ఆ కెమెరా కన్ను పూర్తిగా తెరిచి తీస్తే, మనం గురిపెట్టిన దూరంలో బెత్తెడు జాగా మాత్రమే స్పష్టంగా వస్తుంది. దానికి ముందున్నదీ వెనకున్నదీ మసకలో కరిగిపోతుంది. ఆ మసకే కళ అని ఫోన్‌లో వీడియోలు చూసి తేల్చుకున్నాను. కన్ను కాస్త మూసి తీస్తే అందరూ చక్కగా పడతారని తెలుసు. కానీ అది పెళ్లిళ్ల ఫోటోలవాళ్లు చేసే పని అని నాకు చిన్నచూపు. అక్కను తీస్తే ముక్కు వచ్చింది, చెవులు రాలేదు. “నా కొత్త కమ్మలు యేవిరా?” అని అక్క ఏడుపు మొహం పెడితే, “కమ్మలు అందరియి వస్తయి అక్కా, నీ మనసు వచ్చింది చూడు” అన్నాను. ఆ వయసులో అలాంటి మాటలు సిగ్గులేకుండా వచ్చేవి.

మా నాయిన సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్. తూము తలుపులు ఎత్తడం, దించడం, రెండు సందర్భాల్లోనూ రైతుల చేత తిట్లు తినడం ఆయన పని. అమ్మ మందిరానికి పోని ఆదివారం లేదు, నాయిన పోయిన ఆదివారం లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అమ్మ ప్రార్థన చివర ఒకటే మాట: “ప్రభువా, మా ఇంటాయనను గూడ నీళ్లల్లకు దింపు.” బతుకంతా నీళ్లలోనే ఉన్న మనిషి బాప్తిస్మానికి మాత్రం దిగేవాడు కాదు. ఒక ఏడు నీళ్లు బురదగా ఉన్నాయనేవాడు. ఇంకో ఏడు కాలువ కట్టేశారనేవాడు (కట్టేసింది ఆయనే). అలాంటిది, రిటైరైన ఏడు, అన్నం తింటూ తింటూ తలెత్తకుండానే, “సరే, ఈ ఐతారం దిగుత తియ్” అన్నాడు. అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. కాసేపటికి నా వైపు తిరిగి, “ఒక్క ఫోటో మంచిగ తియ్యి కొడుకా. నీళ్లల్లకెల్లి లేస్తుంటే మీ నాయిన మొఖం పడాలె. గోడకు పెట్టుకుంట. ఇంకేం అడగ నిన్ను” అంది.

ఆ ఆదివారం పిల్లకాలువ దగ్గర నా హడావుడి చెప్పనలవి కాదు. ఫోన్లన్నీ సంచుల్లో వేసుకోండి, నా చిత్రంలో అడ్డం వస్తాయి అని చుట్టాలందరికీ ఆర్డరేశాను. “ఎందుకన్న మంచిది, నేను గూడ ఒకటి తీస్త” అని బావ బతిమాలాడు. కళ ఒప్పుకోలేదు. మెట్లకు ఎదురుగా, అవతలి గట్టు పక్కన మోకాలి లోతులో నిలబడి, నాయిన మీసాలకు గురి కుదుర్చుకున్నాను. అమ్మ తెల్లచీరలో ఆయన వెనక మెట్టు మీద ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి చెయ్యెత్తారో లేదో, నాయినలోని లష్కర్ మేల్కొన్నాడు. “అయ్యగారూ, జర ముందుకు రాండ్రి. మీ పక్కకు గుంత ఉన్నది, నాతోని మీరు గూడ మునుగుతరు” అని ఆయన్ను లాక్కుని నా వైపు జరిగాడు. వెనక అమ్మ ఆగలేకపోయింది. చీర తడుస్తుందన్న ధ్యాస కూడా లేకుండా నీళ్లలోకి దిగి, నాయిన ఖాళీ చేసిన చోటే నిలబడింది. నేనేమో నీళ్ల మీద వెలుగు ఎంత బాగుందోనని మురిసిపోతున్నాను. నాయిన మునిగాడు, లేచాడు, నేను నొక్కాను. ఆ చప్పుడుతోపాటే తెలిసింది, నాయిన ముందుకు జరిగినా నేను గురి దూరం మార్చలేదని.

కాళ్ల కింద నుంచి కాలువ మొత్తం పోయినట్టయింది. “అయ్యగారూ, ఇంకొక్కసారి ముంచుతరా?” అని అడిగాను. “బాప్తిస్మం ఒక్కటే తమ్మీ” అన్నారు పాస్టరుగారు, మొహం తుడుచుకుంటూ. నాయిన ముక్కు చీదుకుంటూ, “ఇంకోసారంటే నేను దిగ” అన్నాడు.

ఆ తర్వాతి రోజులు పగవాడికి కూడా వద్దు. నల్లగొండలో ఫోటో స్టూడియో ఆయన రీలును చచ్చిన తేలును చూసినట్టు చూసి, “ఇవి కడిగెటోళ్లు ఇప్పుడు యాడున్నరు?” అన్నాడు. మొదటి రీలులాగే దీన్నీ పోస్టులో హైదరాబాద్ పంపాను. అది తిరిగి రాకుండా పోస్టులోనే పోవాలని దొంగప్రార్థన కూడా చేశాను. ఇక్కడ అమ్మ మాత్రం హాలియా నుంచి నందికొండ దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, “మా వోడు పాత కెమెరాతోని తీసిండు, గొప్పగ ఉంటదట” అని చెబుతోంది. వింటుంటే నాకు అన్నం దిగేది కాదు. తల్లి జీవితం మొత్తమ్మీద అడిగిన ఒక్కటీ నాశనం చేసినవాడికి కళ ఎందుకు, కెమెరా ఎందుకు, ఆ మాటకొస్తే అన్నం మాత్రం ఎందుకు అనిపించేది. (తినడం మానలేదు, అది వేరే విషయం.)

ఫోటో వచ్చింది. నేను భయపడినదానికంటే ఘోరంగా ఉంది. ముందు ఒక పెద్ద గోధుమరంగు ముద్ద. “గీ బర్రె ఎవరిదిరా?” అన్నాడు బావ మెల్లగా. ఆ ముద్దే మా నాయిన. వెనక అమ్మ ఒక్కతే, చీర అంచు మీద నీటిబొట్లతో సహా, అచ్చు గుద్దినట్టు ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, రెండు చేతులూ ముందుకు చాపి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

“నా మొఖం ఎవలడిగిన్రురా?” అంది అమ్మ. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఫోటో మంచం మీద పెట్టేసి, పొయ్యి దగ్గరికి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది.

నాయిన ఫోటో తీసుకుని వాకిట్లో వెలుతురులోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, “ఇట్ల చూసిందా మీ అమ్మ నన్ను?” అని అడిగాడు. నేను తలూపాను. “నాకేం కనవడ్డది? కండ్లు మూసుకున్న, ముక్కుల నీళ్లు. ఇది నేను చూడనే లేదు” అన్నాడు. తర్వాత ఆయనే మేకు కొట్టి, దాన్ని తలుపుకు ఎదురు గోడకు పెట్టాడు.

ఇప్పుడు నా ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి. అన్నింట్లో అందరూ కమ్మలతో సహా స్పష్టంగా ఉన్నారు. ఒక్కటీ గోడ ఎక్కలేదు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఇప్పటికీ, “అది సరిగ్గ రాలే, మా వోనికి అప్పుడు తెల్వదు” అని నా పరువు తీస్తూనే ఉంటుంది. చూసినవాళ్లు ఊరుకోరు. “వదినె మంచిగ పడ్డది గని, ముందల ఆ మసక ఏందన్నా?” అని అడుగుతారు.

“నేనే” అంటాడు నాయిన, పెద్ద గొప్ప చెప్పుకున్నట్టు. అప్పుడు, మోకాలి లోతు నీళ్లలో వణుకుతూ నిలబడిన ఆ బక్కపల్చటి కళాకారుడు గుర్తొచ్చి, పాపం, వాడిని చూసి నవ్వుకుంటాను.