మూడుసార్లు కుట్టిన పుస్తకం

ఆ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు బైండింగు చేసే మనిషిని అందరూ బాబాయి అంటారు. విద్యార్థులు అంటారు, లెక్చరర్లు అంటారు, ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దదైన లైబ్రేరియన్ మేడమ్ కూడా నోరారా బాబాయ్ అనే పిలుస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా మెట్ల కింద గదిలో కూర్చుని ఊడిన పేజీలు కుడుతున్న ఈ మనిషికి వేరే పేరొకటి ఉందన్న సంగతి హాజరుపట్టీ తీసినప్పుడే ఎవరికైనా గుర్తొస్తుంది. ఆయన బాబాయి కాబట్టి ఆయన భార్య పిన్ని అయిపోయింది. ఎప్పుడైనా ఆవిడ లైబ్రరీకి వస్తే అందరూ లేచి కుర్చీ వేస్తారు.

బాబాయి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తన చేతికొచ్చే పుస్తకాల్లో ఏం రాసి ఉందో ఆయన పెద్దగా పట్టించుకోడు. అయితే పుస్తకం మూసి ఉండగానే దాని జాతకం చెప్పేస్తాడు. కాగితాల అంచును వెలుతురు వైపు తిప్పి చూస్తాడు, అంతే. వేళ్ళు పడ్డ చోట అంచు మాసిపోతుంది, పడని చోట తెల్లగా ఉంటుంది. ఒకసారి కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన, తన కోసమే తెప్పించిన లావుపాటి పుస్తకాన్ని తిరిగిస్తూ మొత్తం చదివేశానని నలుగురిలో చెప్పుకున్నాడు. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "తొంభయ్యో పేజీ దగ్గర ఆపేశారు సార్. చివర్లో మళ్ళీ ఓ నాలుగు పేజీలు చూశారు, జవాబులు కాబోలు" అన్నాడు. ఆ లెక్చరర్ నెల రోజుల పాటు మెట్ల వైపు రావడమే మానుకున్నాడు.

ఈ విద్య గురించి తనకేం గర్వం లేదని బాబాయి అంటాడు. ఆ మాట మాత్రం నమ్మకండి.

పిన్ని ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల సెక్షన్లో. ఫోన్లో జనం వెళ్ళబోసుకునే గోడు విని, ఏ వీధి, ఏ ఇంటి నంబరు, ఏం పాడయింది అన్న మూడు ముక్కలూ కంప్యూటర్లో ఎక్కించాలి. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఏ మలుపు దగ్గర పైపు పగలబోతోందో ఇంజనీరుకన్నా ముందు ఆవిడకే తెలిసిపోతుంది. ఆ సీటంటే ఆవిడకు ప్రాణం.

ఆ సీటుకే ఎసరొచ్చింది. ఇకనుంచి ఫిర్యాదులను ఏరి, విడగొట్టి, లెక్క తేల్చే చిన్న చిన్న ప్రోగ్రాములు సెక్షన్ వాళ్ళే రాసుకోవాలని ఆఫీసు తీర్మానించింది. పన్నెండు వారాల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని పరీక్ష రాయాలి. గట్టెక్కినవాళ్ళు ఉంటారు, తప్పినవాళ్ళు ఊరికి ఆ చివరనున్న కౌంటర్లో దరఖాస్తులకు ముద్రలు వేసుకోవాలి. పిన్నికి నలభై ఏడేళ్ళు. దిగులు పడింది గానీ వెనక్కి తగ్గలేదు. ఏదో ఓ పుస్తకం పట్టుకుని మొదలుపెడితే అదే వస్తుందనుకుంది.

మొదటి పుస్తకం పక్క సీటు అమ్మాయి ఇచ్చింది. అట్ట మీద సులభం అని ఉంది, లోపల ఎనిమిది వందల పేజీలున్నాయి. పదకొండో పేజీలోనే "ఇది మీకు ఇదివరకే తెలిసి ఉంటుంది" అన్నాడు రచయిత. ఆవిడకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసంటూ రెండు వారాలు దానితో కుస్తీ పట్టి వదిలేసింది. రెండోది తోటికోడలి కూతురు పంపింది. అందులో పేజీకో బొమ్మ, బొమ్మకో జోకు. మూడు వారాలయ్యాక పిన్ని దాన్నీ పక్కన పడేసింది. "నన్ను చంటిపిల్లననుకుంటోందండీ ఈ పుస్తకం. ఆడిస్తోంది గానీ అడుగు వేయించడం లేదు" అంది.

అప్పటికి ఐదు వారాలు గడిచిపోయాయి. ఆ ఆదివారం సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తూ పిన్ని అసలు మాట బయటపెట్టింది.

"ఏవండీ, మూడోది మీరే తెచ్చిపెట్టండి. అదీ బుర్రకెక్కకపోతే లోపం పుస్తకంలో లేదు, నాలోనే ఉందని ఒప్పేసుకుంటాను. కౌంటర్‌కి వెళ్ళిపోతాను. ఆ తర్వాత మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు."

"నేనా? నాకేం తెలుసోయ్ వాటి గురించి?"

"లోపలేముందో మీకు తెలియకపోతే పోనీ. పట్టినవాళ్ళు వదలకుండా చదివిన పుస్తకం ఏదో మీకు తెలుస్తుందిగా."

భార్య తన విద్యను ఇంతగా నమ్ముతుందని బాబాయికి అప్పటిదాకా తెలియదు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మడతపెట్టిన బట్టల్ని ఆయనే లోపలికి మోశాడు.

మర్నాడు లెక్చరర్లను కూడా అడిగి చూశాడు. ఒకాయన చెప్పిన పుస్తకం పేరు వినగానే ఇంకొకాయన పెదవి విరిచాడు. ఆ ఇంకొకాయన చెప్పినదానికి ఈయన నవ్వాడు. ఇదంతా తేలే వ్యవహారం కాదని బాబాయి నేరుగా అలమారా దగ్గరికి నడిచాడు. ఆ భాషను మొదటినుంచి నేర్పుతామనే పుస్తకాలు అక్కడ నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి కిటికీ దగ్గర అంచులు చూశాడు. కొన్ని మొత్తం తెల్లగా ఉన్నాయి, వాటినెవరూ ముట్టుకోలేదు. మిగతావన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మొదటి యాభై పేజీలూ మాసిపోయి, ఆ తర్వాత దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి. ఇంతమంది ఉత్సాహంగా మొదలుపెట్టి యాభయ్యో పేజీ దగ్గర చేతులెత్తేశారా అని ఆయనకు జాలేసింది.

ఒక్కటి మాత్రం అలా లేదు. గోధుమరంగు అట్ట, ఇటుకంత లావు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంచు ఒకే తీరున నల్లగా ఉంది. బాబాయి ఎగిరి గంతేసినంత పని చేశాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, దారి పొడవునా సంచిని ఒళ్ళోనే ఉంచుకుని ఇంటికి చేరాడు.

"ఇదిగో, మొత్తం లైబ్రరీలో ఇదొక్కటే. చివరిదాకా చదివారు దీన్ని."

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది.

రోజూ ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేది. ఎలా ఉందంటే బాగుందండీ అనేది. బాబాయి పొంగిపోయి ఆ పూట గిన్నెలు తనే కడిగేవాడు. పన్నెండు రోజులు అలా గిన్నెలు కడిగాక ఒక సంగతి ఆయన కంటబడింది. గుర్తు కోసం పిన్ని పెట్టుకున్న బస్సు టిక్కెట్టు ముప్ఫై ఎనిమిదో పేజీలో ఉంది. నాలుగు రోజుల కిందటా అక్కడే ఉంది. ఆ మర్నాడు చూసినా అక్కడే ఉంది. అంత గొప్పగా తెచ్చిన పుస్తకం బాగాలేదని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదని ఆయనకు అర్థమైంది. తన సీటు పోతున్నా మొగుడి మొహం చిన్నబోకూడదనుకుంది పిచ్చిది.

మర్నాడు పుస్తకాన్ని లైబ్రేరియన్ మేడమ్ ముందు పెట్టి, దీన్ని అంతగా చదివినవాళ్ళు ఎవరో రిజిస్టరు చూసి చెప్పమన్నాడు. వాళ్ళనే పట్టుకుని పిన్నికి పాఠం చెప్పించాలని ఆయన ఆలోచన. మేడమ్ దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"చదవడమేంటి బాబాయ్? రోడ్డు వైపు కిటికీకి గొళ్ళెం విరిగిపోతే, రెక్క కొట్టుకోకుండా రెండేళ్ళు దీన్నేగా అడ్డం పెట్టాం. మొన్న వేసవిలో గొళ్ళెం వేయించాక మళ్ళీ అలమారాలోకి ఎక్కించాను."

రెండేళ్ళు బస్సులు లేపిన దుమ్మును పట్టుకుని, వేళ్ళ గుర్తులనుకున్నాడు. వేళ్ళ మురికికీ వీధి దుమ్ముకూ తేడా తెలియనివాడు ఇరవై ఏడేళ్ళుగా అందరికీ జాతకాలు చెబుతున్నాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. పరీక్షకింక ఐదు వారాలే ఉన్నాయి. పైగా ఇదే ఆఖరి పుస్తకమని ఆవిడ ముందే చెప్పేసింది.

బాబాయి గదిలోకి వచ్చి, కుట్టి ఉంచిన ఒక నిఘంటువును కటింగ్ మిషన్ కింద పెట్టాడు. బైండింగు అయిన ప్రతి పుస్తకానికీ మూడు వైపులా అంచు కోసి చదును చేయడం ఆయన పద్ధతి. పిడి గట్టిగా దించాడు. సన్నటి కాగితం పీలికలు కింద బుట్టలోకి రాలాయి. రాలినవన్నీ నల్లగా ఉన్నాయి. చేతిలో మిగిలిన పుస్తకం తెల్లగా మెరుస్తోంది.

బాబాయి పిడి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు.

బాగా చదివిన పుస్తకమే కదా కుట్లు ఊడేది. కుట్లు ఊడినదే కదా తన దగ్గరికొచ్చేది. అలా వచ్చిన ప్రతిదాని అంచూ కోసి, చదివినవాళ్ళ ఆనవాళ్ళన్నీ తన చేతులతో తనే బుట్టలో పారేస్తున్నాడు. అలమారాలో తెల్లగా ఉన్నవాటిని ఎవరూ ముట్టనివనుకుని పక్కన పెట్టేశాడే, అసలైన పుస్తకం వాటిలోనే ఉండి ఉండాలి.

చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరుగెత్తాడు. ఈసారి అంచుల రంగు చూడలేదు. ఎంత ఎక్కువసార్లు కోస్తే పుస్తకం అంత పొట్టిదవుతుంది కాబట్టి, అరచేత్తో పుస్తకాల తలలు తడుముకుంటూ పోయాడు. నీలం గుడ్డ అట్ట వేసిన ఒక పలచటి పుస్తకం దగ్గర చెయ్యి కిందికి జారింది. పక్కనే అదే పుస్తకం ఇంకో ప్రతి ఉంది, దానికన్నా ఇది వేలి మందం పొట్టి. నీలం గుడ్డ తను వేసిందే. మధ్య మడత విప్పి చూస్తే మూడు వరసల సూది రంధ్రాలున్నాయి. మూడుసార్లు విడిపోయింది, మూడుసార్లు తనే కుట్టాడు. అయినా దాని పేరేమిటో ఒక్కసారీ చూడలేదు.

మొత్తం నూట నలభై పేజీలు. కోతకు కోత పడి పక్కన ఖాళీ జాగా దాదాపు అయిపోయింది. ఎవరెవరో పెన్సిలుతో రాసుకున్న మాటలు సగంలో తెగి ఉన్నాయి. చివరి అభ్యాసం కింద మాత్రం కోతకు అందని చోట, నాలుగు రకాల చేతిరాతల్లో ఒకదాని కింద ఒకటి ఒకే మాట ఉంది, "వచ్చింది" అని. బాబాయి నాలుగుసార్లూ చదువుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కిటికీ కథంతా దాచకుండా చెప్పేశాడు. పిన్ని ముందు బిత్తరపోయింది, తర్వాత కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"మూడోదే ఆఖరన్నానుగా" అంది నవ్వు ఆపుకుంటూ.

"కిటికీకి పెట్టింది పుస్తకం లెక్కలోకి రాదోయ్. ఇదే మూడోది."

ఆ పలచటి పుస్తకంలో మొదటి పాఠమే వింతగా ఉంది. నాలుగు లైన్ల ప్రోగ్రాము ఇచ్చి, మూడో లైన్లో కావాలని ఒక తప్పు చేసి ఏమవుతుందో చూడమంది. పిన్ని భయపడుతూనే కొట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలు బిలబిలా వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆవిడ బెదిరిపోయింది ఆ ఎర్ర అక్షరాలకే. అవి కనబడగానే ఎవరో నలుగురిలో తిడుతున్నట్టనిపించి ల్యాప్‌టాప్ మూసేసేది. వాటిని భయపడకుండా మొదటినుంచి చివరిదాకా చదవమని చెప్పిన పుస్తకం ఇదొక్కటే.

పిన్ని వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. గిన్నెల దగ్గరున్న బాబాయిని కేకేసింది.

"ఏవండీ, ఇలా రండి. ఇవి తిట్లు కాదు. ఇది ఫిర్యాదు. చూడండి, మూడో లైనంటోంది, అది ఇంటి నంబరు. మూయాల్సిన బ్రాకెట్టు మూయలేదంటోంది, అది పాడయిన సంగతి. రోజుకు ఇలాంటివి నూరు రాసుకుంటానండీ నేను."

ఫిర్యాదు వస్తే ఆవిడ ఎప్పుడైనా భయపడిందా. ఎక్కడో చూసి బాగుచేయించడమే కదా ఆవిడ పని. ఆ రోజు నుంచి బస్సు టిక్కెట్టు ఒక్కచోట నిలవలేదు. మధ్యలో రెండుసార్లు పాఠం అడ్డం తిరిగింది, ఒకసారి పిన్ని ఏడ్చింది కూడా, కానీ పుస్తకం మూయలేదు. బాబాయి నోరు మూసుకుని గిన్నెలు కడిగాడు.

పరీక్ష రోజు పొద్దున చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పిన్ని ఆ పుస్తకాన్ని మూసి ఆయన చేతికిచ్చింది.

"ఎక్కడి దాకా చదివానో చెప్పండి చూద్దాం."

బాబాయి దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు వైపు తిప్పాడు. ఈ విద్య మీద ఆయనకిప్పుడు మునుపటి ధీమా లేదు. అందుకని మామూలుగా చూసేదానికన్నా చాలాసేపు చూశాడు. తను తెల్లగా కోసిన అంచు మీద బొటనవేలు పడే మేర సన్నటి బూడిదరంగు చార ఉంది. అది మొదటి పేజీ దగ్గర మొదలై ఎక్కడా తెగకుండా వెళ్ళింది.

"చివరిదాకా" అన్నాడు.

"అయితే సరే" అని పిన్ని బస్సెక్కింది.

సీటు నిలిచింది. ఆ వారమే పుస్తకం నాలుగోసారి కుట్లు ఊడి మెట్ల కింద గదికి చేరింది. బాబాయి దాన్ని విప్పి, కొత్త దారంతో కుట్టి, జిగురు ఆరాక కొత్త నీలం గుడ్డ వేశాడు. మిషన్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. చివరి పేజీలో నాలుగు చేతిరాతల కింద ఐదోది ఉండటం అప్పుడే చూశాడు. ఆ రాత ఆయనకు బాగా తెలుసు.

పుస్తకాన్ని అలమారాలో పెట్టబోతూ లైబ్రేరియన్ మేడమ్ ఆగింది.

"ఏంటి బాబాయ్, అంచు మాసిపోయి ఉంది. కోయడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు మేడమ్. తర్వాత వచ్చేవాళ్ళకి కనబడాలిగా" అన్నాడు బాబాయి.