చీమలు గంజికి రాలేదు

గుడియాత్తంలో మా చెల్లెలి ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. లుంగీల పడుగుకు గంజి పెట్టిన గిన్నెలన్నీ బాత్‌రూములోనే కడుగుతారు. అందుకని ఆ తూము దగ్గర ఎప్పుడూ చీమలుంటాయి, ఎవరూ పట్టించుకోరు.

చెల్లెలి కూతురు నేనుండే వేలూరులో కాలేజీకి వస్తూ ఫోనులో వీడియోలు పెట్టేది. ఫలూదా, రోజ్ మిల్క్, చాక్లెట్ కారే కేకులు. గ్లాసు గటగటా తాగేసి, కళ్ళు మూసుకుని నవ్వేది. ఇంకోటి తాగక్కా అని వీడియో కింద చిన్నపిల్లలు రాసేవాళ్ళు. అంగళ్ళవాళ్ళు పిలిచి మరీ ఊరికే ఇచ్చేవాళ్ళు. చూస్తే నాకు ఒళ్ళు మండేది. చెల్లెలు మాత్రం ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయేది.

ఆ వేసవిలో పిల్ల బాగా చిక్కిపోయింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహమే, మాటిమాటికీ బాత్‌రూముకు పరుగే. ఎండలు కదా అనుకున్నారు. బాత్‌రూములో చీమలు బారులు కట్టి గోడెక్కాయి. ఒకసారి వెళ్ళినప్పుడు ఇదేమిటని నేనడిగితే, ఈసారి పడుగులు ఎక్కువ, గంజి ఎక్కువ కాచామంది చెల్లెలు. ఇద్దరం కలిసి తూము కడిగి, పసుపు చల్లాం. ఉచ్చ పోసిన చోట చీమలు పడితే షుగరని మాకు తెలియక కాదు. మగ్గమున్న ఇంట్లో ఆ ఆలోచనే రాదు.

ఒకరోజు పిల్ల వేలూరు బస్టాండులో పడిపోయింది. షుగర్ విపరీతంగా ఉందని, మూత్రంలో కూడా పోతోందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ చీమలు గంజికి రాలేదు," అనింది. ఇద్దరం అక్కడే ఏడ్చాం.

కొన్నాళ్ళకు చూడ్డానికి వెళ్ళాను. పిల్ల మిద్దె మీద ఉంది. చేతిలో రోజ్ మిల్క్, ఎదురుగా ఫోను. నోటినిండా తీసుకుని, కళ్ళు మూసుకుని, అదే నవ్వు నవ్వింది. ఫోను ఆపి, పక్కనున్న బకెట్లో ఉమ్మేసింది.

"మింగలేదు పెద్దమ్మా. సూది కూడా తప్పకుండా ఏసుకుంటా ఉండా," అనింది.

నువ్వు ఉమ్మేది వీడియోలో ఆ పిల్లలకు కనబడదు కదే, వాళ్ళు నిజంగానే తాగుతారు కదా అన్నాను. కోపంగానే అన్నాను.

మూతి తుడుచుకుంటూ తల వంచుకుంది.

"కనబడితే ఎవురు చూస్తారు పెద్దమ్మా?"