మినప కట్టె మీద జారిన కారు

తెనాలి బస్టాండు సెంటర్లో ముత్యాలరావు తుమ్మితే పొన్నూరులో మొరాయించిన ఇంజన్లు కూడా స్టార్టయ్యేవని చెప్పుకునేవారు. నమ్మనివాళ్ళుంటారు. వాళ్ళు అతను తుమ్మగా వినలేదన్నమాట, అంతే. వీధి మలుపులో కారు శబ్దం వినబడితే చాలు, టీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఎడమ వెనక చక్రంలో గాలి తక్కువ, లోపల కూర్చున్నాయన బరువెక్కువ" అని చెప్పేవాడు. రెండూ నిజమయ్యేవి.

పుట్టింది మాత్రం నిజాంపట్నం పక్కన సముద్రపు పల్లెలో. తండ్రి మస్తాన్‌రావు వేటకెళితే చేపలే ఎదురొచ్చి వలలో సర్దుకుని కూర్చునేవట. కొడుక్కేమో పడవెక్కితే వాంతులు. ఒడ్డున కట్టేసిన పడవ ఎక్కినా వాంతులే. తండ్రి తెడ్డు పుచ్చుకుని ఊరంతా తరిమాడు, లాభం లేకపోయింది. చివరికి, "సరే, నీళ్ళలోకి రాకు. ఒడ్డు మీద పడవ చూడటమైనా నేర్చుకో" అన్నాడు. అదొక్కటీ నేర్చుకున్నాడు. వేళ్ళ కణుపులతో చెక్కని తట్టి చెవి ఆనించాలి. గట్టి చెక్క పలుకుతుంది, పగిలిన చెక్క మూలుగుతుంది. అనుమానం ఉన్నచోట పల్చగా సున్నం రాసి, ఎండేదాకా పక్కన కూర్చోవాలి. పగులుంటే లోపలి చెమ్మ సున్నంలోకి గీతలా ఊరుతుంది. కూర్చునే ఓపిక లేనివాడు పడవెక్కకూడదు.

పదహారో ఏట తెనాలి వచ్చి లారీలు కడిగాడు. అరవై ఒకటిలో బియ్యం వ్యాపారి పాండురంగారావు కొత్త అంబాసిడర్ కొంటే దాని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆపైన పదకొండేళ్ళు లేవలేదు. ఆ పదకొండేళ్ళలో దాని మీద గీత పడలేదు. ఈగ వాలినా కాళ్ళు తుడుచుకుని వాలేది. కారు పాండురంగారావుదే గాని, తలుపు వేసే హక్కు ఆయనకి ఉండేది కాదు. "అలా బాదుతారేంటి షావుకారుగారూ? ధాన్యం కొట్టు తలుపనుకున్నారా?" అని దిగొచ్చి తనే మెల్లిగా వేసేవాడు.

డెబ్బై రెండు ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరూ రేపల్లె బయల్దేరారు. మంచు ఎలా పట్టిందంటే బోనెట్ మీద చెయ్యి పెడితే చెయ్యి కనపడి వేళ్ళు కనపడేవి కావు. వేమూరు దాటాక పాండురంగారావు వెనక సీట్లోంచి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే ముత్యాలూ, ఇవాళ బండి గురునాథానికి ఇచ్చేస్తున్నాం."

"ఏ పనికండి? పెళ్ళికా?"

"పెళ్ళికేంటిరా, అమ్మేస్తున్నా. రేపల్లెలో రొయ్యల వ్యాపారం చేస్తాడే, ఆయనకి. పది గంటలకి చూస్తానన్నాడు."

"మరి మనకండి?"

"కొత్త బండి బుక్ చేశాగా. దానికి మా బావమరిది కొడుకు ఉన్నాడు. లైసెన్సు కూడా వచ్చింది వాడికి."

ముత్యాలరావు నోటికి రాని మాట కాలికి వచ్చింది. యాక్సిలరేటర్ మీద పాదం దానంతటదే బరువెక్కింది. పదకొండేళ్ళు! మొన్న దీపావళికి కూడా బట్టలు పెట్టాడే, అప్పుడు చెప్పలేకపోయాడా? బావమరిది కొడుకట! గేరు వేయమంటే గేదెను అదిలించినట్టు అదిలించే ఆ సన్నాసట! భట్టిప్రోలు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు.

ఆ దారిలో మినుములు రాల్చడానికి కళ్ళం ఎవరు వెతుక్కుంటారు? కాయలతో సహా ఎండిన మొక్కని మినప కట్టె అంటారు, దాన్ని తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. బస్సులూ లారీలూ దాని మీద నుంచి పోతుంటే కాయలు చిట్లి గింజలు రాల్తాయి. డ్రైవర్లు కూడా పక్కకి తప్పుకోరు, తొక్కించి పుణ్యం కట్టుకుంటారు. ముత్యాలరావే ఎన్నిసార్లో తొక్కించాడు. కాకపోతే ఎండెక్కాక. మంచుకు తడిసిన కట్టె మీదికి చక్రం ఎక్కించేటప్పుడు కాలు తీసెయ్యాలన్నది అతనే పదిమందికి చెప్పిన పాఠం.

ఆ రోజు కాలు తీయలేదు.

కారు నూనె పూసిన పళ్ళెంలో గోళీలా తిరిగింది. ఒకసారి తెనాలి వైపు చూసింది, ఒకసారి రేపల్లె వైపు చూసింది, ఎటూ మనసొప్పక రోడ్డు దిగి పొలంలోకి పోయింది. పోతూ పోతూ ముందు చక్రంతో పొలానికి నీళ్ళు పారే బోది తూము రాయిని గుద్ది ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాండురంగారావు కళ్ళజోడు మాత్రం ముక్కు మీంచి ఎగిరి మళ్ళీ ముక్కు మీదే పడిందని తర్వాత ముత్యాలరావు చెప్పేవాడు.

దిగీ దిగగానే ముత్యాలరావు రోడ్డు మీదికి గావుకేక పెట్టాడు. "ఎవరిదీ కట్టె? ఎవరిదని అడుగుతున్నా!"

మంచులోంచి ఒక ముసలావిడ తమలపాకు నములుతూ, చేట పుచ్చుకుని ఊడిపడింది. పేరు పున్నమ్మ. ఆవిడా తక్కువ కోపంలో లేదు.

"నాది! కట్టెంతా బోదిలోకి ఈడ్చుకుపోయి మళ్ళీ నన్నే అరుస్తావేంట్రా అబ్బాయ్?"

"మంచు ఆరకుండా ఎవరైనా పరుస్తారా పిన్నీ? బుద్ధుందా?"

"ఏడింటి బస్సు తొక్కుద్దని పరిచా. నువ్వొచ్చి పొర్లుతావని పరిచానా? బస్సువాడు వెళ్ళాడుగా, మెల్లిగా, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు. వాడికి రాని జారుడు నీకెందుకొచ్చింది?"

ఆ ప్రశ్న సూటిగా వెళ్ళి తగలాల్సినచోట తగిలింది. జవాబు తన కాలికి తెలుసు. అందుకని ముత్యాలరావు ఇంకాస్త గట్టిగా అరిచాడు.

పొలాల్లో ఉన్న నలుగురు వచ్చి భుజం పట్టి కారును రోడ్డు మీదికి ఎక్కించారు. పాండురంగారావు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి రెండు తలుపులూ తీసి వేశాడు, గట్టిగానే. "దీపాలు పగల్లేదు, రేకు నొక్కుకోలేదు. బురద కడిగితే సరి. పదరా, టైమవుతోంది."

"చూడాలండి."

"చూశాగా!"

"మీరు రంగు చూశారు. నేను బండి చూడాలి."

కండువా నేల మీద పరిచి కారు కిందకి దూరాడు. ముందు నూనె చుక్కలు. లేవు. బ్రేకు గొట్టం మొదలు నుంచి చివరిదాకా వేలితో తడిమాడు, పొడిగా ఉంది. తర్వాత చిన్న స్పానరు తీసుకుని ఒక్కొక్క ఇనుమునీ తట్టుకుంటూ, చెవి ఆనించుకుంటూ వెళ్ళాడు. ఖంగ్, ఖంగ్, ఖంగ్. కుడి ముందు చక్రాన్ని తిప్పే ఇనప చెయ్యి ఉంటుంది, స్టీరింగ్ ఆర్మ్ అంటారు. దాన్ని తట్టేసరికి ఖంగుమనలేదు. మూలిగింది.

ఇంకోసారి తట్టాడు. మళ్ళీ మూలిగింది.

"పిన్నీ, నీ సున్నపు కాయ ఇటివ్వు" అన్నాడు కింద నుంచే.

"తిట్టిన నోటితో ఆకు కూడా అడుగుతావా?"

"ఆకు నువ్వే వేసుకో. సున్నం ఇవ్వు చాలు."

ఆ ఇనప చేతి మీద గ్రీజు, నూనె ఎప్పుడూ ఉండేవే. పైన గుడ్డతో శుభ్రంగా తుడిచి, సున్నంలో నీళ్ళు కలిపి పల్చగా రాసి, ఎండేదాకా అక్కడే పడుకున్నాడు. పైన పాండురంగారావు బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. "పెళ్ళికూతురికి గంధం పూస్తున్నావా ఏంట్రా? గురునాథం లేచి వెళ్ళిపోతాడు!" బూట్లు అరుస్తూనే ఉన్నాయి. సున్నం తెల్లగా ఎండింది. ఆ తెల్లదనంలో, వెంట్రుకంత సన్నంగా, పగుల్లోని నూనె ఒక నల్లగీతలా ఊరింది.

బయటికొచ్చి చూపించాడు. పాండురంగారావు వంగి చూసి, "గోరంత గీత" అన్నాడు.

"ఇది విరిగితే స్టీరింగు మీ చేతిలో ఉంటుంది, చక్రం దాని ఇష్టం వచ్చినచోటికి పోతుంది. దిగి నడవండి."

"నడిచి వెళితే కారు కొంటాడా వాడు? నేను దిగను."

దిగలేదు. ముత్యాలరావు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కిందకి దూరాడు. జాకీ కడ్డీని ఆ చేతికి ఆనించి, డిక్కీలోని ఇనపతీగతో బిగించి, పైన పున్నమ్మ ఇచ్చిన నులకతాడు తడిపి చుట్టాడు. విరిగిన తెడ్డుకి తండ్రి వేసే కట్టు అది. మిగతా నాలుగు మైళ్ళూ ఒకటో గేరులోనే. సైకిళ్ళు దాటిపోయాయి, గేదెలు దాటిపోయాయి, ఒక బాతుల మందైతే దాటిపోతూ జాలిగా చూసింది.

రేపల్లెలో గురునాథం ఇల్లు ఇంకో మలుపులో ఉందనగా పాండురంగారావు భుజం తట్టాడు. "ఆపు. ఆ తాడూ తీగా పీకెయ్. బురద తుడువు."

ముత్యాలరావు వెనక్కి తిరిగి చూశాడు.

"అలా చూడకు. నా మాట విను. గురునాథానికి డ్రైవరు లేడు. నిన్నే పెట్టుకోమని చెప్తాను. బండి నీ చేతిలోనే ఉంటుంది. వారం తిరక్కుండా నువ్వే కొత్త చెయ్యి వేయించుకో, ఎవడికి తెలుస్తుంది? నన్ను అడిగేదేం లేదు, వాడు నిన్నే అడుగుతాడు. బాగుంది అను. ఒక్క మాట."

అదీ నిజమే. బండి కొనేవాడు యజమానిని ఊరికే పలకరిస్తాడు, అసలు సంగతి డ్రైవర్ని అడుగుతాడు. ముత్యాలరావు దిగి కారు కిందకి వెళ్ళాడు. వెల్లకిలా పడుకుని కట్టు వంక చూశాడు. ఒక్క ముడి లాగితే ఊడుతుంది. ఊడితే బండి తనది. బావమరిది కొడుకు వేరే బండి నాశనం చేసుకోనీ, ఇది మాత్రం తన చేతిలోనే. వారం రోజులు. ఏమవుతుంది వారంలో?

ముడి మీద చెయ్యి వేశాడు. కోపంగా లాగబోయాడు. పొద్దున ఈ కోపమే కాల్లోకి దిగింది. దీన్ని పగలగొట్టింది ఆ ముసలమ్మ కాదు, మంచూ కాదు, తను. పగలగొట్టిందీ తనే, బాగుందని చెప్పేదీ తనేనా?

ముడిని ఇంకో మెలిక వేసి బిగించాడు. బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"అయిందా?" అన్నాడు పాండురంగారావు.

"అయింది."

గురునాథం అరుగు మీదే ఉన్నాడు, బానలాంటి మనిషి. కారు ఆగీ ఆగకముందే ఇంట్లోంచి ముగ్గురు పిల్లలు దూసుకొచ్చి వెనక సీటెక్కేశారు. వెనకే ఆయన భార్య గంగరత్నం చీరకుచ్చెళ్ళు సర్దుకుంటూ వచ్చింది. "వచ్చే శనివారం ఇందులోనే బాపట్ల వెళ్దాం" అని పెద్దపిల్ల ముందుకి వంగి అప్పుడే హారను కొట్టేస్తోంది.

గురునాథం బోనెట్ మీద చెయ్యి వేసి ముత్యాలరావు వైపు చూశాడు. "ఏం బావా, మీది నిజాంపట్నం పక్కేనంటగా? మనోడివే. ఉన్నది చెప్పు, బండి ఎలా ఉంది?"

"వంగి చూడండి."

"ఏంటి చూసేది?"

"కుడి ముందు చక్రం వెనకాల. ముందు పిల్లల్ని దింపండి."

పాండురంగారావు ముఖం ఎండుమిరపకాయైంది. గురునాథం అంత లావు మనిషీ మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. నులకతాడు కట్టు చూశాడు. సముద్రం ఎరిగినవాడు, ఆ కట్టు ఎప్పుడు వేస్తారో చెప్పక్కర్లేదు.

"ఎక్కడ పగిలింది?"

"భట్టిప్రోలు దాటాక. మినప కట్టె మీద జారింది. కోపంలో నేనే స్పీడుగా తోలాను. చెయ్యి కొత్తది వేస్తే బండి బంగారం. వెయ్యకుండా ఎక్కితే మీ ఇష్టం."

గురునాథం లేచి పిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని దింపాడు. తర్వాత పాండురంగారావు వైపు తిరిగి, "మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అన్నాడు. ముత్యాలరావుతో, "నిజం చెప్పావు, బాగుంది. కాని కోపమొస్తే రోడ్డు దిగే డ్రైవరు మాకొద్దు బావా" అన్నాడు.

ముత్యాలరావు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అన్నది తప్పైతే తిట్టేవాడే.

వీధి మలుపు తిరిగి బస్టాండు దగ్గరికి వచ్చాక పాండురంగారావు పేలాడు. "పదకొండేళ్ళు అన్నం పెట్టాను! నా పరువు రేపల్లె బజార్లో పరిచి తొక్కిస్తావా? తాళాలు ఇలా పడెయ్! దిగు! నా కారులో ఇంకొక్క అడుగు వెయ్యడానికి వీల్లేదు!"

"ఇదిగోండి." ముత్యాలరావు తాళాలు ఆయన అరచేతిలో పెట్టి, దిగి, తలుపు మెల్లిగా వేసి, చెట్టు నీడకి వెళ్ళి నిలబడ్డాడు.

పాండురంగారావు తాళాల వంక చూశాడు. కారు వంక చూశాడు. ఆయనకి ధాన్యం చేత్తో పట్టి తేమ ఎంతో చెప్పడం వచ్చు. డ్రైవింగు రాదు. కాసేపు ఏదో గొణుక్కున్నాడు. ఒక చెమట చుక్క కళ్ళజోడు మీదుగా కిందికి ప్రయాణం కట్టింది. చివరికి చెట్టు దగ్గరికి వచ్చి తాళాలు చాచాడు.

"తెనాలి దాకా తోలు. తర్వాత నీ ముఖం చూపించకు."

"నేను ఒక్కణ్ణే తోలతా. మీరు బస్సెక్కండి."

"నా కారురా అది!"

"వచ్చేటప్పుడు దిగమంటే దిగలేదు. నా మాట చెల్లలేదు. ఇప్పుడు తాళాలు మీ చేతిలో ఉన్నాయి, కావాలంటే మీరే తోలుకోండి. నేను తోలితే అందులో మీరుండరు. విరిగితే నా ఒక్కడి నడుమే విరగాలి."

ఇద్దరూ మరో పావుగంట కొట్టుకున్నంత పని చేశారు. రేపల్లె బస్టాండులో జనం తమ బస్సులు మానుకుని వీళ్ళని చూశారు. ఆఖరికి పాండురంగారావు కండువా విసురుగా భుజాన వేసుకుని తెనాలి బస్సెక్కాడు.

ముత్యాలరావు ఒకటో గేరులో బయల్దేరాడు. మైలుకోసారి దిగి కట్టు తట్టి చూసి, మళ్ళీ ఎక్కుతున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. షావుకారుని తిట్టాడు, బావమరిది కొడుకుని తిట్టాడు, తన కాలిని పేరు పెట్టి మరీ తిట్టాడు. వెల్లటూరు దగ్గర వెనక నుంచి బస్సు హారను మోగింది. పక్కకి తప్పుకున్నాడు. దాటిపోతున్న బస్సు కిటికీలోంచి పాండురంగారావు నడుము దాకా బయటికి వంగి, గాలికి కండువా ఎగురుతుండగా, ఏదో అరుస్తున్నాడు. తిట్టేమోనని ముత్యాలరావు కూడా నోరు సిద్ధం చేసుకున్నాడు.

"మెల్లిగా రారా!" అంటున్నాడాయన. "మెల్లిగా!"

"తల లోపల పెట్టుకోండి ముందు!" అని ముత్యాలరావు గొంతు చించుకుని అరిచాడు. "ఎదర లారీ వస్తోంది!"