స్టీమరులో తొట్లె

గోవా స్టీమరులో మాకు చల్లారిన టీ ఇచ్చారని ఇప్పటికీ అందరితో చెబుతుంటాను. ఆ ప్రయాణంలో చెప్పుకోవలసిన తప్పు ఇంకొకటి ఉంది, అది చెప్పలేక టీ మీద పడ్డాను.

మేముండే బీదర్ ఇంకా మైసూరు రాష్ట్రంలో ఉన్న రోజులు. ఏడాది నిండిన మా బాబును చూసుకోవడానికి పక్క ఊరు జనవాడ ఆయమ్మను వెంట తీసుకెళ్లాం. ఆదివారం చర్చి మెట్ల మీద అందరి పిల్లలనూ ఆడించేది ఆమే. ఒక్క ప్రసంగమూ పూర్తిగా విని ఉండదు. “మీరు పోయి రాండ్రి, నేనున్న గద” అనేది.

మాతో రావడానికి ఆమె అడిగింది ఒకటే, సూర్యుడు సముద్రంలో మునగడం చూడాలని. స్టీమరులో మాకున్నది ఒక్క సాయంత్రం.

ఆ సాయంత్రం కిటికీ లేని గదిలో చీరతో తొట్లె కట్టి బాబును ఊపుతోంది. వాడు పడుకునే వేళకు వచ్చి పిలుస్తామని నేనూ నా భార్యా పైకి వెళ్లాం. మరిచిపోలేదు. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకున్నాం, అంతే.

“మీరు చూసిండ్రు గద, చాలు” అంది ఆయమ్మ, సూర్యుడు మునిగాక మేం కిందికి వస్తే.

తర్వాత జనవాడలో ఆమె చెల్లెలు సముద్రం ముచ్చట అడిగితే, ఆయమ్మ నావైపు చూసింది. సూర్యాస్తమయం నేనే వర్ణించాను, బాగానే.

“అప్పుడు మా అక్క యాడుండె?”

“గదిలో, బాబును ఊపుతోంది.”

“తొట్లె జనవాడల గూడ ఊపొచ్చు గద సారూ.”